రెడ్డెప్ప ఇంటి సముద్రం

పుంగనూరు, 2002

జూన్ 25, మంగళవారం

మధ్యాహ్నం ఆసుపత్రికి ఫోన్ వచ్చింది. మదనపల్లె టమోటా మండీ రెడ్డెప్ప. ఈ చుట్టుపక్కల ఏ ఉద్యోగికి ఏ ఊరికి బదిలీ కావాలన్నా ముందు ఆయన మండీలో గంపల మధ్య కూర్చుని ఒక టీ తాగాలి. పోయిన నెల నేనూ తాగాను. కుప్పం పశువుల ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంది. నా భార్య ప్రమీల అక్కడి స్కూల్లో టీచరు. ఏడో నెల. మంచం దిగొద్దన్నారు. నన్ను అక్కడికి వేయించండి అని అడిగాను. "సూద్దాం సార్" అన్నాడు. మండీవాళ్ళు సూద్దాం అంటే ఏమిటో టమోటా రైతులకు బాగా తెలుసు. నేను పశువుల డాక్టర్ని కదా, సంతోషంగా తిరిగొచ్చాను.

ఇవాళ ఆయనే ఫోన్ చేశాడు.

"డాక్టర్ సార్, ఇంట్లో పేషంట్లుండారు. రేపొచ్చి సూడాల."

"ఆవులా, బర్రెలా?"

"చేపలు సార్."

"ఏ చెరువులో?"

"చెరువులో యాల ఉంటాయి సార్? మా హాల్లో ఉండాయి. సముద్రం చేపలు."

మదనపల్లెకు సముద్రం ఎంత దూరమో నాకు తెలుసు. అయినా రెడ్డెప్ప తలుచుకుంటే అది కూడా బదిలీ మీద వచ్చినట్టుంది. మా చదువులో చేపలకు ఒక పేపరు ఉండేది. అందులో కట్ల, రోహు ఎలా పెంచాలి, ఎలా అమ్మాలి అన్నంతవరకే. చేపకు ఒంట్లో బాగాలేకపోతే ఏం చెయ్యాలో ఏ ప్రొఫెసరూ చెప్పలేదు. కూర వండుకోమని వాళ్ళ ఉద్దేశం కావచ్చు.

వస్తానని చెప్పాను. బదిలీలు జులై ముప్పై ఒకటి వరకే. ఆ తర్వాత నిషేధం వేస్తారు.

జూన్ 26, బుధవారం

రెడ్డెప్ప హాల్లో గోడంత అద్దాల తొట్టి. చెన్నైలో ఆయన దగ్గర టమోటాలు కొనే వ్యాపారి ఇంట్లో ఇలాంటిదే ఉందట, అందుకని ఈయన ఇంట్లోనూ ఉండాలి. ఈయన టమోటాలు లారీల్లో ఎండకు మగ్గుతూ చెన్నై పోతాయి. అక్కడి నుంచి చేపలు ఏసీ కారులో కూర్చుని మదనపల్లె వస్తాయి. నీళ్ళలో రాళ్ళు, గులకలు, ఒక సముద్రపు పువ్వు కూడా ఉన్నాయి. పువ్వంటే పువ్వు కాదు, అదీ ప్రాణమున్నదే. నాలుగైదు నారింజ రంగు చేపలు, ఒంటి మీద తెల్ల పట్టీలు. ఒక నీలం చేప. ఒక పసుపు చేప.

అన్నిటి ఒంటి మీదా ఉప్పు రవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మొప్పలు గబగబా ఆడిస్తున్నాయి. నీలంది గజ్జి పట్టిన దూడ గోడకు రుద్దుకున్నట్టు రాయికి రుద్దుకుంటోంది. నేను గంభీరంగా చుట్టూ తిరిగి చూశాను. "మేత తింటాండాయా?" అని అడిగాను. ఏ రోగికైనా మొదటి ప్రశ్న అదే కాబట్టి ఇబ్బంది లేకపోయింది.

తొట్టి పక్కన కుర్చీలో రెడ్డెప్ప తల్లి మునిరత్నమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. నా కంటే ముందే రోగం తేల్చేసింది.

"దిష్టప్పా. వచ్చినోడు పోయినోడు అంతా ఈటినే గుడ్లప్పగించి సూస్తాండారు. తగలదా మరి?"

"ఇది పురుగమ్మా. కంటికి కనపడని పురుగు."

"కంటికి కనపడనిదాన్నే గదప్పా మేమూ దిష్టి అనేది."

సంచిలో నీలం మందు ఉంటే కొంచెం నీళ్ళలో కలిపాను. అది పనిచేస్తుందని నాకు నమ్మకం లేదు. కానీ నీలంగా ఉన్నది చూడ్డానికి మందు లాగా ఉంటుంది. రెడ్డెప్ప నన్ను గేటు దాకా సాగనంపాడు. "మీ కుప్పం సంగతి గ్యాపకముండాది సార్" అన్నాడు.

జూన్ 29, శనివారం

రెడ్డెప్ప ఫోన్. మచ్చలన్నీ పోయాయట! "మీ చెయ్యి మంచిది సార్" అన్నాడు. వెనక నుంచి మునిరత్నమ్మ ఫోన్ లాక్కుని, తను దిష్టి తీస్తోందనీ అందుకే తగ్గిందనీ చెప్పింది. ఘనత ఎవరిదన్న విషయం మా మధ్య తేలలేదు. ఏమైతేనేం, అట్లాస్‌లో తప్ప సముద్రం చూడనివాణ్ణి సముద్రపు చేపలకు వైద్యం చేశాను. నా గురించి నేను తక్కువ అంచనా వేసుకున్నాను.

జూన్ 30, ఆదివారం

కుప్పం వెళ్ళొచ్చాను. పలమనేరులో దిగి, వి.కోటలో దిగి, మళ్ళీ ఎక్కి, చేరేసరికి మధ్యాహ్నమైంది. ప్రమీల మంచం కాళ్ళవైపు ఇటుకలు పెట్టారు. పక్కింటి తులసమ్మ అన్నం వండిపెట్టి పోతోంది.

చేపల కథ చెప్పాను. ప్రమీల బాగా నవ్వింది. నవ్వొద్దు, డాక్టరు కదలొద్దన్నారు కదా అన్నాను. దానికీ నవ్వింది. తర్వాత, "రేపొక్క రోజు ఉండకూడదా?" అని అడిగింది.

రేపు గొర్రెలకు టీకాల క్యాంపు. నేను లేకపోతే గొర్రెలు ఏమనుకుంటాయి?

పోయిన రెండుసార్ల గురించి మేమిద్దరం మాట్లాడుకోం. ఈసారి ఆ నెలలు దాటాయి. ఐదున్నర బస్సు దొరికింది. కిటికీ పక్క సీటు.

జులై 3, బుధవారం

చుక్కలు తిరిగొచ్చాయి. ఊరికే రాలేదు, బంధుబలగంతో వచ్చాయి. పసుపు చేప పోయింది. దాన్ని ఐసుగడ్డల్లో పెట్టించుకుని పుంగనూరు తెచ్చాను. మొప్ప ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెడితే, ఒంటి నిండా సన్నటి వెంట్రుకలతో గుండ్రటి జీవి ఒకటి తీరిగ్గా తిరుగుతోంది. దాని చుట్టూ ఇంకా ఉన్నాయి.

నాతోపాటు చదివిన చెంగయ్య ఇప్పుడు చెన్నైలో సముద్రపు చేపల మీద పనిచేస్తున్నాడు. ఎస్టీడీ బూత్‌కి పోయి ఫోన్ చేశాను. మచ్చలు పోయాయి, మళ్ళీ వచ్చాయి అని చెప్పేసరికి వాడు పెద్దగా నవ్వాడు.

"మచ్చ పోతే రోగం పోయిందనుకుంటివా? ఆ పురుగు చేప ఒళ్ళు తిని, కడుపు నిండినాక కిందికి రాలిపోతాది. గులకల్లో దూరి పిల్లల్ని పెడతాది. అవన్నీ మళ్ళీ చేపల మీదికెక్కతాయి. నువ్వు సంబరపడిన రోజు అది కాన్పుకి పుట్టింటికి పోయింటాదప్పా!"

అంటే తగ్గింది నా నీలం మందుకు కాదు. ముసలామె దిష్టికీ కాదు. మేమిద్దరం పంచుకోలేక కొట్టుకున్నది పురుగు పురిటి సెలవు.

ఏం చెయ్యాలో చెప్పాడు. చేపల్ని వేరే టబ్బులోకి మార్చి ఉప్పు మెల్లగా తగ్గించాలి. సముద్రంలో ఉన్నదాంట్లో సగం కంటే తక్కువకు రావాలి. ఆ పలచటి నీళ్ళలో చేప బతుకుతుంది, పురుగు తట్టుకోలేక పగిలిపోతుంది. నాలుగు వారాలు అలాగే ఉంచాలి. "మధ్యలో ఒక్కసారి ఉప్పు పెరిగినా మళ్ళీ మొదటికొస్తాది. ఒక్కసారిగా పెరిగితే చేపకే ముప్పు. జాగ్రత్త" అన్నాడు.

హాల్లోని తొట్టిలో చేపలు లేకుండా ఉంటే అక్కడి పురుగులు కూడా ఎక్కడానికి ఒళ్ళు దొరక్క చస్తాయట.

జులై 5, శుక్రవారం

రెడ్డెప్ప ఇంటి వెనక వరండాలో పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టించి చేపల్ని దాంట్లోకి మార్చాను. గాలి పంపు, దానికొక బ్యాటరీ. రెడ్డెప్ప ఇంట్లో ఇన్వర్టరు ఉంది కానీ అది టీవీకి.

ఉప్పు కొలవడానికి చెన్నై నుంచి తెచ్చిన గాజు గొట్టం ఎప్పుడో పగిలిపోయిందట. మా ఆసుపత్రి అటెండరు బాలప్పను పాల సొసైటీకి పంపి లాక్టోమీటరు తెప్పించాను. పాలల్లో నీళ్ళు కలిపారా లేదా అని చూసే గొట్టమే. పైన నీళ్ళ గీత, కింద పాల గీత. హాల్లో తొట్టిలో వేస్తే పాల గీత కంటే పైకే తేలింది! రెడ్డెప్ప సముద్రం కల్తీ లేని పాలు. ఈ మండలాల్లో అంత చిక్కటి పాలు నేనెప్పుడూ చూడలేదు. ఫ్యాను గాలికి నీళ్ళు ఇగిరి చిక్కబడి ఉంటాయి.

ఇప్పుడు నా పని దాన్ని పలచన చెయ్యడం. ఉప్పునీళ్ళు కొంచెం తోడి, మంచినీళ్ళు కొంచెం పొయ్యడం. రేపు సాయంత్రానికి కావలసిన చోటికి వస్తుంది. గొట్టం మీద ఆ చోట గోళ్ళరంగుతో చుక్క పెట్టాను. పాలల్లో నీళ్ళు కలిపే దొంగల్ని పట్టుకునే గొట్టంతో, నీళ్ళు సరిగ్గా కలిపానా లేదా అని చూసుకుంటున్నాను. మా నాన్న ఇందుకే చదివించాడు.

జులై 7, ఆదివారం

కుప్పం వెళ్ళలేదు. చేపలు.

జులై 8, సోమవారం

ప్రమీల ఫోన్. విశేషాల్లేవు.

లాక్టోమీటరు చుక్క కంటే పైకి తేలింది, అంటే ఉప్పు పెరిగింది. శనివారం నేనే తొందరలో సరిగ్గా చూసి ఉండను. నీళ్ళు పోసి సరిచేశాను.

జులై 10, బుధవారం

మళ్ళీ పైకి తేలింది. ఈసారి చాలా పైకి. మూత పెట్టిన టబ్బులో నీళ్ళు ఇంత ఎలా ఇగురుతాయి? రెడ్డెప్ప ఇంట్లో నీళ్ళక్కూడా తొందరేనా? మళ్ళీ సరిచేసేసరికి బస్సు తప్పింది. టమోటా లారీలో తిరిగొచ్చాను.

చేపల మీద మచ్చలు లేవు. ఈసారి నేను సంబరపడలేదు.

జులై 13, శనివారం

నీలం చేప చచ్చిపోయింది. ఉన్నవాటి మీద మళ్ళీ చుక్కలు. లాక్టోమీటరు దాదాపు పాల గీత దగ్గర తేలుతోంది. ఎవరో ఉప్పు వేస్తున్నారు. ఆ మాట పైకి అన్నాను. అనకుండా ఉండాల్సింది.

రెడ్డెప్ప వెంటనే పనిమనిషి బయ్యమ్మను పిలిచాడు. పోయిన వారం తిట్టాడట, ఆ కోపంతో ఆమే వేసిందన్నాడు. "నాకేం పట్టింది సామీ, నా ఇంట్లో కూరలోకే ఉప్పు సాల్లేదు" అని ఆమె ఏడ్చింది. రేపటి నుంచి రావద్దని పంపించేశాడు. అప్పుడే అటొచ్చిన మునిరత్నమ్మ ఆమె ఏడుపు చూసి కొంగుతో ముక్కు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

తర్వాత నా వంతు వచ్చింది. పోయిన నెల నేను డాక్టర్ సార్‌ని. ఇవాళ 'ఏమయ్యా'ని అయ్యాను.

"ఏమయ్యా డాక్టరూ, నీ కుప్పం నా చేతిలో ఉండాది, నా చేపలు నీ చేతిలో ఉండాయి. నువ్వే లెక్కేసుకో."

లెక్క సులభమే. ఉన్న నారింజ చేపలు బతికితే నా బిడ్డ పుట్టేటప్పటికి నేను కుప్పంలో ఉంటాను. పోతే పుంగనూరులో ఉంటాను. వెటర్నరీ కాలేజీలో ఈ లెక్క కూడా చెప్పలేదు.

జులై 14, ఆదివారం

కుప్పం వెళ్ళలేదు. వెళ్తే ఇక్కడ ఉప్పు ఎవరు చూస్తారు? బదిలీ వస్తే ఎల్లకాలం ప్రమీల దగ్గరే ఉంటాను కదా. ఒక ఆదివారం పోతే పోయింది. ఆమె కోసమే కదా ఇదంతా.

బాలప్ప, "శానా లీవుండాది గద సార్ మీకు, పెట్టి పోగూడదా?" అన్నాడు. లీవు అవసరానికి దాచుకుంటారు బాలప్పా అని చెప్పాను. ఏ అవసరానికి సార్ అన్నాడు. వీళ్ళకు సర్వీసు నిబంధనలు తెలియవు.

జులై 16, మంగళవారం

దొరికింది.

ఒక ఆవు ఈనలేక ఇబ్బంది పెట్టడంతో మదనపల్లె చేరేసరికి దీపాలు పెట్టే వేళయింది. మామూలుగా నేను మధ్యాహ్నం వెళ్తాను. వెనక వైపు నుంచి వరండాలోకి వచ్చేసరికి మునిరత్నమ్మ టబ్బు ముందు నిలబడి ఉంది. పక్కన స్టూలు మీద బుట్టెడు రాళ్ళుప్పు, ఎండుమిరపకాయలు. గుప్పిలి నిండా తీసుకుని, ఒక చేపను చూస్తూ మూడుసార్లు తిప్పింది. "ఊరి దిష్టి, వీధి దిష్టి, మండీ దిష్టి, మద్రాసోళ్ళ దిష్టి, అంతా పో" అంది. మిరపకాయలు పక్కన పెట్టింది, పొయ్యిలోకి. ఉప్పు టబ్బులో వేసింది. ఇంకో గుప్పిలి తీసుకుంది, ఇంకో చేపకు.

"అమ్మా! ఏం జేస్తాండావు?"

"దిష్టి దీస్తాండానప్పా. ఆదివారం, మంగళవారం, శుక్రవారం తప్పకుండా తీస్తాండా. హాల్లో ఉన్నప్పటి నుంచి."

"ఉప్పు దీంట్లో యాల వేస్తివి?"

"దిష్టి తీసిన ఉప్పు నీళ్ళల్లోనే గదప్పా వేసేది? ఉప్పు కరిగినట్ల దిష్టి కరగాల. ఈటివి ఎట్లా ఉప్పునీళ్ళే. ఇంగో గిన్నెలో కరిగించి పారబోస్తే ఉప్పు దండగ గదా."

"అయినా అంతుప్పా?"

"ఒక్కోదానికి వేరేగా తియ్యాల. ఒకదాని దిష్టి ఇంగోదానికి అంటించమంటావా? డాక్టరువి, నీకు తెలీదా?"

అంటువ్యాధుల గురించి నాకే పాఠం చెప్పింది. అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు.

నాకు కోపం వచ్చింది. పది రోజులుగా నేను బస్సులెక్కి వచ్చి తోడుతున్న ఉప్పును ఈమె వారానికి మూడుసార్లు గుప్పిళ్ళతో తిరిగి పోస్తోంది! నీలం చేపను చంపింది నువ్వేనమ్మా అనబోయాను. అంతలో ఆమె నీళ్ళలో వేలు పెట్టింది. నారింజ చేప ఒకటి వచ్చి వేలి చుట్టూ తిరిగింది. "సూడప్పా, నన్ను గుర్తు పడతాది. మా రెడ్డెప్ప టమోటాతో మాట్లాడినంత కూడా నాతో మాట్లాడడు. ఇదన్నా నయం" అంది. నీలం చేప పోయిన రోజు తను అన్నం తినలేదట. ఆ పూట కూడా దిష్టి గట్టిగా తీశానని చెప్పింది.

అనబోయింది మింగేశాను.

"ఉప్పు వద్దమ్మా. ఎర్రనీళ్ళతో తియ్యి. పసుపూ సున్నం కలిపి, దూరం నుంచి తిప్పి, తీసకపొయ్యి వీధిలో పొయ్యి. టబ్బులో ఒక్క చుక్క పడగూడదు. చేపలకు ఎర్రనీళ్ళే పనికొస్తాయని శాస్త్రంలో ఉండాది."

"ఏ శాస్త్రంలో?"

"పశువైద్య శాస్త్రంలో."

"అట్లనా! మొదటే చెప్పకూడదా?" అంది.

లోపలికి పోయి రెడ్డెప్పతో, మీ బోరు నీళ్ళలోనే ఉప్పు ఉంది, నేను గమనించలేదు, ఇక నుంచి క్యాను నీళ్ళు తెప్పించండి, బయ్యమ్మ తప్పేం లేదు అని చెప్పాను. బోరుకు నోరు లేదు కాబట్టి ఒప్పుకుంది. బయ్యమ్మకు కబురు పంపించాడు. నన్ను మాత్రం అరగంట తిట్టాడు.

వచ్చేటప్పుడు మునిరత్నమ్మ మెట్ల దగ్గర ఆపింది. "నీ మొగమేమప్పా అట్లుండాది?" అని అడిగింది. ఇంట్లో ఎనిమిదో నెలమ్మా, కుప్పంలో ఉంది అన్నాను.

"ఎన్నో కాన్పు?"

"మూడోది."

"అట్లనా! పెద్దోళ్ళిద్దరూ ఏం జదవతాండారు?"

లేరు అన్నాను.

ఆమె మెట్టు మీద కూర్చుంది. తర్వాత, "లీవు లేదా అప్పా నీకు?" అంది. బదిలీ పద్ధతి, నిషేధం, ఖాళీలు, సీనియారిటీ అన్నీ వివరంగా చెప్పాను. మధ్యలోనే ఆమె ఎర్రనీళ్ళు కలుపుకోవడానికి లోపలికి పోయింది.

జులై 17, బుధవారం

లాక్టోమీటరు చుక్క మీదే నిలిచింది. వీధి మాత్రం ఎర్రగా ఉంది.

జులై 20, శనివారం

చుక్క మీదే. చేపలు మేత తింటున్నాయి. మొన్న గురువారం ప్రమీల ఫోన్ చేసింది, విశేషాల్లేవంది.

జులై 21, ఆదివారం

కుప్పం వెళ్ళాను. ప్రమీల నిద్రపోతోంది. తులసమ్మ లేపమంటారా అంది. వద్దన్నాను. కుర్చీలో కూర్చున్నాను. ఆమె కాళ్ళు వాచి ఉన్నాయి, చేతులకు సూదుల గుర్తులు. గురువారం ఆసుపత్రిలో పెట్టారని, ప్రమీలే మీకు చెప్పొద్దందని తులసమ్మ చెప్పింది. విశేషాల్లేవని ఫోన్లో అన్నది గురువారమే.

లేవకముందే వచ్చేశాను. తిరుగు బస్సు ఖాళీగా ఉంది.

బదిలీ వస్తే అంతా సర్దుకుంటుంది. ఇంక పది రోజులే.

జులై 24, బుధవారం

చుక్క మీదే. ఒక్క మచ్చ లేదు.

జులై 27, శనివారం

రెడ్డెప్ప మండీవాళ్ళందరినీ పిలిచి విందు చేశాడు. చేపలకు జబ్బు నయమైన సందర్భంగా వచ్చినవాళ్ళకు చేపల పులుసు పెట్టాడు. టబ్బు పక్కనే విస్తళ్ళు వేశారు. నారింజ చేపలు ఏమనుకున్నాయో తెలియదు. నేను సాంబారుతో తిన్నాను.

ఇంకా కనీసం రెండు వారాలు ఇదే నీళ్ళలో ఉంచాలి, తొందరపడి హాల్లోకి మార్చొద్దు, ఎవరో ఒకరు దగ్గరుండి కొలుస్తూ ఉండాలి అని అందరి ముందూ గట్టిగా చెప్పాను. నాకు మళ్ళీ 'సార్' తిరిగొచ్చింది. "సోమవారానికి మీ ఆర్డరు చేతికొస్తాది సార్. రెడ్డెప్ప మాటంటే మాటే" అన్నాడు.

ప్రమీలకు ఫోన్ చేసి చెప్పాను. సరే అంది.

జులై 29, సోమవారం

ఆర్డరు వచ్చింది. మదనపల్లెకు.

రెండుసార్లు చదివాను. తర్వాత రెడ్డెప్పకు ఫోన్ చేశాను. కుప్పం అడిగాను కదండీ అన్నాను.

"కుప్పంలో ఏముండాది సార్? మదనపల్లె కావాలని జనం నా కాళ్ళు పట్టుకుంటాండారు. మీకు అడక్కుండానే ఇప్పిస్తి. దగ్గరుండి కొలవాలని మీరే గదా అంటిరి? మీరు కుప్పంలో ఉంటే నా చేపలు ఎవురికి సెప్పుకోవాల?"

ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. నాకు మేలు చేశాననే అనుకుంటున్నాడు. నేను ఇంకొంచెం చేతకాని డాక్టరునైతే కుప్పం దక్కేదేమో! వైద్యం కుదిరి వైద్యుడు చెడ్డాడు. మదనపల్లె నుంచి కుప్పం, పుంగనూరు నుంచి కంటే ఇంకా దూరం.

థాంక్స్ చెప్పాను. అవును, చెప్పాను.

జులై 30, మంగళవారం

ప్రమీలకు ఫోన్ చేశాను. మదనపల్లె వేశారు, నిషేధం ఎల్లుండి నుంచి, వచ్చే ఏడాది చూడాలి, నా ప్రయత్నం నేను చేశాను అని చెప్పుకుంటూ పోయాను. లైను ఉందో లేదో అని హలో హలో అన్నాను.

"ట్రాన్స్‌ఫర్ ఇస్తేనే పెండ్లాం దగ్గరికి రావాలని మీ డిపార్టుమెంటులో రూలుండాదా?" అంది.

తర్వాత లైను కట్ అయింది. లేదా ఆమె పెట్టేసింది.

జులై 31, బుధవారం

లీవు దరఖాస్తు రాశాను. మూడు వాక్యాలు పట్టింది. నెల పైగా నేను బస్సుల్లో, టమోటా లారీలో, మండీ మెట్ల మీద తిరిగిన పని ఆ మూడు వాక్యాల్లో అయిపోయింది. బాలప్ప దాన్ని పట్టుకుని పోతూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశాడు.

మదనపల్లె పోయి టబ్బును మునిరత్నమ్మకు అప్పగించాను. లాక్టోమీటరు ఎలా వెయ్యాలో చూపించాను. చుక్క దాటి పైకి తేలితే ఒక చెంబు ఉప్పునీళ్ళు తోడి, ఒక చెంబు మంచినీళ్ళు పొయ్యమన్నాను. "ఇంతేనా? దీనికోసరమా నువ్వు ఇన్ని దినాలు బస్సులెక్కింది?" అంది. అవునమ్మా అన్నాను.

రెడ్డెప్ప మండీ నుంచి ఫోన్ చేశాడు. "ఏమయ్యా డాక్టరూ, ఆర్డరిప్పిస్తే జాయినవ్వకుండా యాడికి పోతాండావు?" అన్నాడు. కుప్పం అని చెప్పి పెట్టేశాను.

ఆగస్టు 1, గురువారం, కుప్పం

రాత్రే వచ్చాను. ప్రమీల పొద్దున లేచి నన్ను చూసి, నా సంచి చూసింది. పెద్ద సంచి.

"ఎన్ని దినాలు?"

"పుట్టేదాకా. పుట్టినాక కూడా."

"ఈ మాట జూన్‌లో రాలేదే నోటికి?"

జవాబులు చాలా ఉన్నాయి నా దగ్గర. నిషేధం, ఖాళీ, రెడ్డెప్ప, ఉప్పు. తాటిచెట్టు ఎందుకు ఎక్కావంటే దూడగడ్డి కోసం అన్నవాడి దగ్గర కూడా ఇన్ని ఉండవు. ఒక్కటీ చెప్పలేదు.

"భయమేసింది" అన్నాను. "మూడోసారీ అట్లే అయితే ఆ గుమ్మంలో నిలబడలేననిపించింది. చేపలు చచ్చినా ఇంటికి పోయి అన్నం తినొచ్చు. అందుకే ఆడే ఉండిపోతి."

ఆమె కోప్పడుతుందనుకున్నాను. కోప్పడి ఉంటే బాగుండేది.

"నాకూ భయమే గదా," అంది మెల్లగా. "మీకు భయమేస్తే పోయేదానికి మదనపల్లె ఉండాది. నేను యాడికి పోయేది? నా భయం నా కడుపులోనే ఉండాది. దాన్ని ఎత్తుకోనే పడుకోవాల."

నేను మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాను. పక్కింట్లో తులసమ్మ గిన్నెలు తోముతున్న చప్పుడు. చాలాసేపటికి ప్రమీల నా చెయ్యి లాగి పొట్ట మీద పెట్టుకుంది. నేను తీసేయబోయాను. గట్టిగా పట్టుకుంది.

"ఉండండి. ఇప్పుడు సూడండి" అంది.

బిడ్డ తన్నింది. నేను ఊహించినదానికంటే గట్టిగానే తన్నింది. నాకు పడవలసిన తన్నే.